లాన్‌లో మునగచెట్టు

“లాన్‌లో మునగచెట్టేటి బాబాయ్?” అన్నాడు బెన్సన్.

అర్జునరావు మౌసు కదుపుతూనే ఉన్నాడు. తెర మీద ఆరంతస్తుల అపార్టుమెంటు. దాని ముందు నున్నటి పచ్చగడ్డి. గడ్డి మధ్యలో, ఎవరూ అడగని మునగచెట్టు.

2004 జనవరి. గోపాలపట్నంలో టైర్ల షాపు మీద మేడగది. రెండు కంప్యూటర్లు, ముగ్గురు మనుషులు. ఇంకా కట్టని భవనాలను కట్టేసినట్టు బొమ్మలు చేసి బిల్డర్లకు ఇవ్వడం వాళ్ళ పని. బొమ్మలో ఎండ ఎప్పుడూ పొద్దున్న తొమ్మిది గంటలదే. ఊళ్ళో పోర్టు మీంచి వచ్చే నల్లటి బొగ్గుదుమ్ము బొమ్మ మీద వాలదు. బాల్కనీల్లో నిలబెట్టిన మనుషులకు చెమట పట్టదు, రోగం రాదు.

యజమాని ఉమాశంకర్. ఫొటోలు తీసుకొచ్చే కుర్రాడు బెన్సన్. అర్జునరావు పాతికేళ్ళు చేత్తో ప్లాన్లు గీసిన మనిషి. కంప్యూటర్లు వచ్చాక ఆ డ్రాయింగ్ ఆఫీసువాళ్ళు పొమ్మన్నారు. యాభై దాటినవాణ్ణి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని మౌసు పట్టడం నేర్పింది ఉమాశంకర్. అతను నోరు తెరిచి అడిగితే అర్జునరావు కాదనలేడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆ ఏడాది వాళ్ళకు దొరికింది ఒక్కటే పెద్ద పని. వీర్రాజు అనే గోదావరి జిల్లా బిల్డరు కంచరపాలెంలో ఒక సందు మొత్తం కొని అపార్టుమెంటు కడతానన్నాడు. సందులో అందరూ అమ్ముకుని వెళ్ళిపోయారు. ఒక్క పెంకుటిల్లు మిగిలింది. కాగితాల్లో పేరు చిట్టమ్మ. వీర్రాజు మనుషులు పగలు ఎప్పుడు వెళ్ళినా తాళం. ఉత్తరాలకు జవాబు లేదు. అడుగుదామంటే ఇరుగూ లేదు, పొరుగూ లేదు.

“ఆ ముసల్దాని సంగతి నేను చూస్తానండి. ముందు బొమ్మలో ఆ కొంప తీసేయండి,” అన్నాడు వీర్రాజు.

తీసేసే పని అర్జునరావు మీద పడింది. బెన్సన్ తెచ్చిన ఫొటోలో ఇల్లు స్పష్టంగా పడింది. నాచు పట్టిన పెంకులు. వాకిట్లో మునగచెట్టు. చెట్టుకు కట్టిన తీగ మీద నీలం లుంగీ.

“సిట్టమ్మ లుంగీ కడతాదేటి?” నవ్వాడు బెన్సన్.

అర్జునరావు ముందు లుంగీని చెరిపాడు. తర్వాత పెంకులు. తర్వాత గోడలు. ఆ చోటంతా గడ్డి నింపాడు. చెట్టు జోలికి మాత్రం పోలేదు. ఎవరు చెప్పినా పోలేదు.

మార్చిలో ఆ బొమ్మ జంక్షన్లో ఇంటంత హోర్డింగ్ అయింది. జూన్‌లో బొమ్మకు కదలిక వచ్చింది. గేటులోంచి మేడ మీదికి మనమే నడిచి వెళ్తున్నట్టు రెండు నిమిషాల వీడియో. మూడుసార్లు కరెంటు పోయింది, మూడుసార్లూ పని మొదటికొచ్చింది. అక్టోబరులో బిల్డర్ల ఎగ్జిబిషన్లో బహుమతి. ఉమాశంకర్ శాలువా కప్పించుకుని ఫొటో దిగాడు.

ప్రతిసారీ కొత్త కోణం. ప్రతి కోణానికీ ఆ ఇల్లే అడ్డం. ప్రతిసారీ అర్జునరావే చెరిపాడు.

“మీ అంత శుభ్రంగా ఎవరూ చెరపలేరండీ,” అన్నాడు ఉమాశంకర్. మెచ్చుకున్నాననుకున్నాడు.

నవంబరులో వీర్రాజు మేడ మెట్లెక్కి వచ్చాడు.

“డిసెంబరాఖరుకి చిట్టమ్మ సంతకం పడకపోతే ప్రాజెక్టు లేదండి. మీ బొమ్మలు మీరే గోడకి తగిలించుకోండి.”

అంటే స్టూడియో మూత. ఉమాశంకర్ అర్జునరావు వైపు తిరిగాడు.

“మీరు ఇక్కడి మనిషి. మీ మాటైతే వింటుంది. ఒక్కసారి కలవండి.”

వారం ఆగి అడిగాడు.

“చిట్టమ్మ గారిని కలిశారా?”

“కలిసినాను సార్.”

“ఏమంది?”

“పలకలేదు.”

“మళ్ళీ వెళ్ళండి.”

“డ్యూటీ దిగి రోజూ అక్కడికే ఎల్తన్నాను సార్. రోజూ అడగతన్నాను.”

ఉమాశంకర్ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. అర్జునరావుకి అబద్ధం చెప్పడం చేతకాదని అతనికి గట్టి నమ్మకం.

డిసెంబరు ముప్పై ఒకటిన క్యాలెండర్లు అచ్చయి వచ్చాయి. ఏడాది పనంతా అందులో ఉంది. పన్నెండు నెలలు, పన్నెండు బొమ్మలు, పన్నెండు మునగచెట్లు. మొదటి కాపీ అర్జునరావు చేతిలో పెట్టాడు ఉమాశంకర్. దాంతోపాటు ఇంటి అమ్మకం కాగితాలున్న కవరు కూడా.

“ఈరోజే ఆఖరు. సంతకం లేకపోతే సోమవారం కంప్యూటర్లు అమ్మేస్తాను. మిమ్మల్ని ఇంకేమీ అడగను.”

మెట్ల మీద బెన్సన్ ఆపాడు.

“బాబాయ్, మా యావిడ రోజలిన్‌కి నెలలు నిండినాయి. ఈ పని పోతే నానేటి సెయ్యాల? కాళ్ళట్టుకోనైనా ఎట్టించు సంతకం.”

“ఆవిడ ఎట్టదురా.”

“ఏటి మనిషి బాబాయ్, రాయేటి?”

“అలాగే ఉంటాది,” అన్నాడు అర్జునరావు.

బస్సు దిగి కంచరపాలెం సందులోకి నడిచాడు. రెండు పక్కలా కూల్చిన గోడలు, మొండి పునాదులు. చివర పెంకుటింటికి ఎప్పటిలాగే తాళం. మునగచెట్టు కిందికి నడిచాడు.

తీగ మీద ఆరిన తన నీలం లుంగీ తీసి భుజాన వేసుకుని, జేబులోని తాళంచెవితో తలుపు తీసి, దండ వేసిన పెళ్ళాం ఫొటో కింద మేకుకి క్యాలెండరు తగిలించి, కవరు విప్పి పెన్ను మూత తీస్తూ అన్నాడు: “పన్నెండుసార్లు మౌసుతో సెరిపీసినాను సిట్టమ్మా, ఇంక ఇదొక్కటే మిగిలింది.”