ఇంటి మాట

“ఒక కంప్యూటర్ పాడైపోయింది. మీ ఇద్దరిలో ఒక్కరే ఈ రోజు పరీక్ష రాయగలరు,” అంది రిసెప్షన్‌లోని అమ్మాయి తమిళంలో.

కోయంబత్తూరు గాంధీపురంలో, మూడో అంతస్తులో ఉన్న ఇంగ్లిషు పరీక్షా కేంద్రమది. పరీక్ష రాసే మిగతావాళ్లంతా లోపలికి వెళ్లిపోయారు. రాయాల్సినవాళ్లలో బయట మిగిలింది నిత్య, ఇంకొక అతను.

రెండోవాళ్లకు వచ్చే శనివారం సీటిస్తారట. ఎవరు ముందు వస్తే వాళ్లకే ఈ రోజు సీటు. అతను రాత్రి బస్సెక్కి, తలుపులు తీయకముందే వచ్చి కూర్చున్నాడు. నిత్య ట్రాఫిక్‌లో చిక్కుకుని ఆఖరున వచ్చింది.

ఆమె వెళ్లి అతని పక్క కుర్చీలో కూర్చుంది.

ఆస్ట్రేలియాలో ఏడాదిపాటు ఉండనిచ్చే వీసా కోసం ఈ పరీక్ష. ఊళ్లు తిరగొచ్చు, చేతిలో డబ్బయిపోతే తోటల్లో పళ్లు కోసి సంపాదించుకోవచ్చు. వేలమంది అడుగుతారు కాబట్టి లాటరీ తీసి కొందరినే పిలుస్తారు. వయసు ముప్పై దాటితే అడిగే వీలే లేదు. నిత్య పేరు ఈసారే వచ్చింది. ఈ పరీక్ష పాసైనట్టు బుధవారంలోగా చూపించకపోతే ఆ పిలుపు పోతుంది. మళ్లీ అడగడానికి వయసు మిగలదు.

తుడియలూరులో నాన్న పొన్నుసామికి పంపుల వర్క్‌షాపు ఉంది. కాలేజీ అయిపోయినప్పటినుంచి నిత్య అక్కడే బిల్లులు రాస్తోంది. ఆమెను ఎవరూ కష్టపెట్టింది లేదు. అయినా, ఎన్నింటికి వస్తావని ఎవరూ అడగని ఒక్క ఏడాది కావాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయేది. అక్కడి వాతావరణం రోజూ ఫోనులో చూసుకునేది. ఇక్కడ ఎండలు మండిపోతుంటే అక్కడి చలికని స్వెట్టరు కొని పెట్టుకుంది.

అతను తనే తమిళంలో పలకరించాడు. పేరు కార్తి అట. బోడినాయకనూరులో ఉంటాడు, కొండ మీది ఏలకుల తోటలకు కూలీలను ఎక్కించుకెళ్లే జీపు తోలుతాడు. అతని పేరూ ఆ లాటరీలోనే వచ్చింది. అతని ఫోను తెర మీద ఆస్ట్రేలియాలోని తోట, బారుగా ఆపిల్ చెట్లు, ఆ చివర నీలంగా సముద్రం. అద్దాన్ని చొక్కాకు తుడిచి మరీ చూపించాడు.

నిత్య, తనకు తోడు వచ్చిన తమ్ముడు అరవిందన్ వైపు తిరిగింది.

బస్సులోనైనా, బట్టల కొట్లోనైనా, పక్కవాళ్లకు తెలియకూడని మాట ఉంటే వాళ్లింట్లో అందరూ తమ ఇంటి మాటైన తెలుగులోకి మారతారు. చదవడం రాదు, రాయడం రాదు. దాచుకోవడానికి మాత్రం తాతల నాటి నుంచి అదే ఇనప్పెట్టె. ఆ పెట్టె తమ వీధిలోని నాలుగిళ్లకే ఉందని వాళ్ల నమ్మకం.

“జీపు తోలేవానికి ఆపిలు తోట ఏంటికిరా? వానికి వాని కొండ చాలదా?” అంది.

తాను పోయేదీ పళ్లు కోయడానికేనని ఆ నిమిషంలో ఆమెకు గుర్తు రాలేదు.

“మెల్లగా అక్కా.”

“వానికేం అర్థమయితాది? అవ్వ ఆసుపత్రిలో ఉండాదని చెప్పేస్తా. వచ్చే వారం ఆపరేషను, నేను రాలేనంటా.”

“అవ్వ చచ్చిపొయ్యి రెండేండ్లాయె కదా.”

“ఉంటే ఆమే చెప్పమనుండును.” అలా అంటూనే నిత్య ఏడ్చేసింది. “ఇది పోతే నాకింక లేదురా. ఆ పంపులు, ఆ బిల్లులు, అంతే. ఒక్క ఏడు అడిగితి. ఒక్క ఏడు.”

కార్తి తల వంచుకుని ఆపిల్ తోటనే చూసుకుంటున్నాడు.

కళ్లు తుడుచుకుని నిత్య తమిళంలోకి వచ్చింది. అవ్వ సంగతి అందంగా చెప్పింది. అతను చివరిదాకా విన్నాడు. తనకు తొందరేమీ లేదన్నాడు. వచ్చే వారమైనా, వచ్చే ఏడాదైనా ఒకటేనన్నాడు. రిసెప్షన్ అమ్మాయికీ అదే చెప్పి పక్కకు తప్పుకున్నాడు. అవ్వను జాగ్రత్తగా చూసుకోమని కూడా అన్నాడు.

ఉత్త అమాయకుడు, అనుకుంది నిత్య.

పరీక్ష బాగా జరిగింది. మీకు చూడాలనున్న చోటు గురించి మాట్లాడండి అని తెర మీద అడిగితే, అతని ఫోనులో చూసిన తోటనూ సముద్రాన్నీ గుక్క తిప్పుకోకుండా వర్ణించింది.

బయటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. తమ్ముడు బండి తేవడానికి వెళ్లాడు. కంప్యూటర్ బాగవుతుందేమోనని కార్తి ఇంతసేపూ మెట్ల మీదే కూర్చున్నాడని రిసెప్షన్ అమ్మాయి చెప్పింది. రిపేరు చేసేవాళ్లు ఈ రోజు కాదని చెప్పి ఇప్పుడే వెళ్లారట.

తొందర లేనివాడు అంతసేపు ఎందుకు కూర్చున్నాడో నిత్యకు అర్థం కాలేదు. పోనీ ఒక టీ అయినా ఇప్పిద్దామని గబగబా మెట్లు దిగింది.

మలుపులో తెలుగు వినిపించింది.

తమ్ముడే అనుకుంది. అదే యాస, అవే మాటలు.

కానీ కింద మెట్టు మీద ఆమెకు వీపు పెట్టి, ఫోను చెవి దగ్గర పట్టుకుని కూర్చున్నది కార్తి.

“అయిపోయెమ్మా. బుధవారంతో గడువు ముగుస్తాది. లేదు, మళ్లా అడిగేదానికి లేదు. వయసు దాటిపోతాది కదా నాకు.”

నిత్య గోడ పట్టుకుంది.

అవతల తల్లి ఏదో గట్టిగా అడుగుతోంది.

“అవ్వా లేదు, ఆసుపత్రీ లేదు. అది నాకు తెలుసు,” అన్నాడతను. “ఏం చేసేదమ్మా, ఆ పిల్ల నా పక్కన కూర్చోని మన మాటలో ఏడ్చె.”