దొముహాని పడవలో పెళ్ళిచూపులు

“ఇదేటమ్మా, ఈ పాత చుడీదార్లో వచ్చీసేవు? పట్టుచీర కట్టుకోమన్నాను కదా!”

పడవ ఎక్కుతూనే సూర్యం గొంతు తగ్గించి కూతుర్ని కసిరాడు.

“అరే నాన్నా, నదిలో పట్టుచీర ఏంటి? తడిసిపోదూ?” అంది దేవిశ్రీ, ఆయన కాలరు సరిచేస్తూ. తన బట్టల సంగతి పట్టని పిల్ల, పొద్దున ఆయన చొక్కాకి రెండుసార్లు ఇస్త్రీ పెట్టింది. దగ్గరుండి గెడ్డం గీయించింది.

పెళ్ళిచూపులు పడవ మీదేమిటని బారిడీహ్‌లో బయలుదేరిన దగ్గర్నుంచీ సూర్యం సణుగుతూనే ఉన్నాడు. ఇంట్లో అయితే ఇరుగుపొరుగు తొంగిచూస్తారనీ, కుదరకపోతే నలుగురికీ జవాబు చెప్పుకోవాలనీ దేవిశ్రీ అంది. అదీ నిజమే. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల ఇప్పటికి నాలుగు సంబంధాలు వద్దంది. నాలుగుసార్లూ ఒకటే మాట: “నేను వెళ్ళిపోతే నువ్వొక్కడివీ ఏం తింటావు?” భార్య రత్నం పోయిన ఈ నాలుగేళ్ళూ ఆ మాట ఆయనకి గొంతులో ముల్లులా ఉంది. అలాంటిది మొన్న తనంతట తనే, “ఒక సంబంధం ఉంది నాన్నా, ఆదివారం పెళ్ళిచూపులు” అనేసరికి ఆయన మరో ప్రశ్న వెయ్యలేదు. వేస్తే ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని భయం. ఎలాగైనా ఇది కుదరాలి.

సంబంధంవాళ్ళూ రేవుకి వచ్చారు. సౌరభ్ దేవిశ్రీతోపాటు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తున్నాడు. బర్మామైన్స్‌లో ఇల్లు. తండ్రి లేడు. తల్లి త్రివేణిని చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించాడు. ఆవిడ యాభై దాటిన మనిషి. లేత ఆకుపచ్చ నేతచీర, చేతిలో స్టీలు క్యారేజీ.

పడవ కదిలింది. ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలిసే దొముహాని దాటుతుండగా సౌరభ్ వచ్చి సూర్యం ఎదురుగా కూర్చున్నాడు.

“అంకుల్, బురా మత్ మానియే, ఏమీ అనుకోకండి. మీకు షుగర్ ఉందా?”

“నేదు బాబూ.”

“బీపీ?”

“కొంచెం. మాత్ర ఏసుకుంటన్నాను.”

“మందు?”

“రిటైరయిన రోజే మానీసినాను.”

“గురక?”

సూర్యం బిత్తరపోయాడు. ల్యాబు కుర్రాడు కదా, వంశంలో ఏమున్నాయో అన్నీ అడుగుతాడు కాబోలని సర్దుకున్నాడు. “నాకుంది బాబూ. మా అమ్మాయికి మాత్రం నేదు.”

అందరూ నవ్వారు. దేవిశ్రీ లేచి, “కాసేపు మాట్లాడుకోవాలి కదా” అంటూ సౌరభ్‌ని తీసుకుని పడవ ముందు కొసకి వెళ్ళిపోయింది. చొరవగల పిల్ల. సూర్యానికి కడుపు నిండినట్టయింది.

త్రివేణి క్యారేజీ విప్పి, కాగితం పళ్ళెంలో రెండు గారెలు పెట్టి అందించింది.

“ఉప్పు సరిపోయిందా?”

“బాగున్నాయి వదినగారూ.”

“వదినగారేటండీ, త్రివేణి అనండి.”

ఆయన గారె తుంచి, నీళ్ళవైపు చూడకుండా తిన్నాడు.

“పడవంటే నాకు భయవండీ. మాది వంశధార ఒడ్డు. పెళ్ళయిన కొత్తలో మా రత్నాన్ని తీసుకొత్తంటే నడి ఏట్లో వరదొచ్చింది. పడవలోకి నీళ్ళు. నేను కళ్ళు మూసీసుకున్నాను. అది మాత్రం కొంగు నడుంకి సుట్టి, సత్తుగిన్నెతో ఒడ్డు సేరిందాకా నీళ్ళు తోడుతూనే ఉంది. ఒడ్డెక్కినాక, ‘పెళ్ళికొడుక్కి ఈత రాదని ముందే సెప్పొచ్చు కదా’ అంది.”

త్రివేణి పకపకా నవ్వింది. తర్వాత మెల్లగా, “గట్టి మనిషి” అంది.

“ఔనండీ.”

ఆయన రెండో గారె అందుకున్నాడు.

“నేనోసారి చిలికా దాటేనండి” అంది త్రివేణి. “మాది ఇచ్ఛాపురం కదా. తెల్లారి లాంచీ. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మా ఆయన, నేను, కడుపులో సౌరభ్. మాటాడితే ఆ నీళ్ళు సెదిరిపోతాయేమో అన్నట్టు ఇద్దరం నోరెత్తనేదు. ఆయన పోయి పదకొండేళ్ళు. అలాటి ప్రయాణం మళ్ళీ నేదు.”

ఉన్నట్టుండి గాలి లేచింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. “చాచా, బైఠే రహియే!” అని, కదలకుండా కూర్చోమంటూ పడవవాడు అరిచాడు. సూర్యం కళ్ళు మూసుకుని చేతికందినది గట్టిగా పట్టుకున్నాడు. పడవ నిలదొక్కుకున్నాక చూస్తే అది త్రివేణి చెయ్యి. ఆవిడ విడిపించుకోలేదు.

“ఇప్పటికీ కళ్ళు మూసుకుంటారన్నమాట.”

“ఈత ఇప్పటికీ రాదండీ” అన్నాడు సిగ్గుపడుతూ.

ముందు కొసన పిల్లలిద్దరూ ఇటే చూస్తూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. చూడముచ్చటగా ఉన్నారు. ఇదే అదనని సూర్యం గొంతు సవరించుకున్నాడు.

“దాపరికం ఎందుకండీ. మా దేవికి తల్లి నేదు. మీలాటి అమ్మ దొరికితే నాకు ఇంకేటీ అక్కర్నేదు. మా పిల్ల మీకు నచ్చిందా?”

“నచ్చకపోవడమేటి? మూడు ఆదివారాలు మా ఇంటికొచ్చి మీ గురించి ఒక్కటీ దాచకుండా సెప్పింది. గురక తప్ప.”

“అయితే ఈ సంబంధం...”

త్రివేణి చీర కొంగు సర్దుకుని నీళ్ళవైపు చూసింది. “నాకిష్టమేనండీ. మీరేటంటారు?”

“నాకూ ఇష్టమే!”

అంత గట్టిగా అన్నందుకు ఆయనకే నవ్వొచ్చింది. నాలుగేళ్ళ తర్వాత గుండె తేలికపడింది. అవతలి ఒడ్డు దగ్గరపడుతోంది. ఎండ మళ్ళీ వచ్చింది.

“ఇంక పిల్లల్ని కూడా ఓ మాట అడిగీద్దాం. మీ సౌరభ్‌కి మా దేవి నచ్చినట్టేనా?”

త్రివేణి ఆయన మొహంలోకి వింతగా చూసింది.

“మా సౌరభ్‌కి పెళ్ళయి మూడేళ్ళయింది కదండీ.”