పంతొమ్మిదో ఆమె

ఆరో క్లాసుతో చదువు ఆపి, మద్రాసు పురసవాక్కంలో థీసిస్‌లు టైపు కొట్టి బతికాను. మార్జిన్లు చూసే నెపంతో అన్నీ చదివేవాణ్ణి. నా డిగ్రీలన్నీ అట్లా వచ్చినవే.

1998 ఎన్నికల ముందు ఆశ అనే పిల్ల ఎం.ఫిల్. థీసిస్ తెచ్చింది. ఇంట్లో ఆడవాళ్ళ ఓటు ఎవరు నిర్ణయిస్తారని మా వీధులన్నీ తిరిగి అడిగి రాసింది.

ఒక మొగుడు తన పెళ్ళాం అరచేతిలో పార్టీ గుర్తు గీసి ఓటుకు పంపాడట. నవ్వాపుకోలేక వంటింట్లోకి కేకేశాను.

"విన్నావా కనకవల్లీ, ఇట్టాంటోళ్ళు కూడా ఉండారు!"

"ఉంటారు, పావం," అంది మా ఆవిడ.

తరువాతి పేజీలో, ఆశ అడిగినవాళ్ళలో పంతొమ్మిదో ఆమె. పేరు లేదు. "ఓటేసే రోజు పొద్దున్నే మా ఆయన పార్టీ పేరు టైపు కొట్టిన చీటీ చేతికిస్తాడు. సరి, మీరు చెప్పినట్టే అంటాను. ఇరవై ఏళ్ళుగా ముద్ర మాత్రం నా ఇష్టమొచ్చిన చోటే వేస్తా."

చెవులు వేడెక్కాయి. మద్రాసంతటికీ అలాంటి చీటీ ఇచ్చే మొగుణ్ణి నేనొక్కణ్ణే. ఆ పేజీ నాలుగుసార్లు తప్పుకొట్టాను.

సాయంత్రం మా ఆవిడ మొహం చూడలేక గోడతో చెప్పినట్టు చెప్పాను.

"ఈసారి చీటీ లేదు. నీకు నచ్చినోళ్ళకే వెయ్యి."

కనకవల్లి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలూపింది.

"సరి, మీరు చెప్పినట్టే."