పోయినారు

ఉదయం 7.10. కోసిగి దాటాక మలుపులో, పత్తి తీయడానికి పోతున్న కూలీల ఆటోను లారీ ఢీకొట్టింది. ఆరుగురు చనిపోయారు.

భూపేష్ ఏడుగురు అని రాశాడు.

తప్పు ఒక్క మాట దగ్గర జరిగింది. కోసిగి విలేకరి చిన్న ఈరన్న ఫోన్‌లో, "ఆటోలో ఏడుమంది పోయినారన్నా" అన్నాడు. పోయినారంటే చచ్చిపోయినారనే భూపేష్ అనుకున్నాడు. 8.15కు వార్త వాళ్ల ఇంగ్లీషు పేపరు వెబ్‌సైటులో పడింది. 'సెవెన్ లేబరర్స్ కిల్డ్ యాజ్ లారీ హిట్స్ ఆటో.' 'ఎ' లేదు, 'ది' లేదు. గోపీనాథ్ మూడు నెలలుగా నేర్పుతున్నట్టే ఉంది.

గోపీనాథ్ కర్నూలు ఆఫీసుకు పెద్ద. కడప మనిషి. నందికొట్కూరులో తెలుగు మీడియం చదివిన భూపేష్‌కు ఇంగ్లీషులో వార్త రాయడం నేర్పుతున్నది ఆయనే. జరిగిపోయినదాన్ని హెడ్డింగులో ఇప్పుడే జరుగుతున్నట్టు రాయాలి. ఊరూ పేరూ లేని మనుషులకు హెడ్డింగులో పేరు అక్కర్లేదు. రిపోర్టరు వార్తలోకి రాకూడదు. ఇవి ఆయన పాఠాలు.

శిక్షణ ఆ రోజుతో ముగుస్తుంది. భూపేష్ పేరుతో హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఐడీ కార్డు వారం నుంచి గోపీనాథ్ సొరుగులో ఉంది.

పది గంటలకు గోపీనాథ్ పిలిచాడు.

"ఏమప్పా, పోలీసులు ఆరంటాండారు. నువ్వు ఏడంటివి. ఆ ఏడోదాన్ని నువ్వు సంపినావా?"

భూపేష్ అక్కడే నిలబడి ఈరన్నకు ఫోన్ చేశాడు.

"పోయినారంటే కూలికి పోయినారని గదన్నా! సచ్చినోళ్లు ఆరుమందే. ఓబులమ్మని ఒకామె బతికుండాది. కర్నూలుకే తెచ్చినారు. శానా రక్తం పోయిందంట."

గోపీనాథ్ అంతా విన్నాడు.

"నీవి ఇప్పటికే రెండు సవరణలు ఏసినాం. మూడోది పడితే హైదరాబాదోళ్లు నిన్ను ఉంచుకోరు. నా చేతిలో లేదు. రెండు గంటలకు నీ మీద రిపోర్టు పంపాల. అంతదాకా హెడ్డింగు ముట్టను. ఆరా, ఏడా, నిర్ధారణ చేసి చెప్పు."

11.05కు ఫోన్ వచ్చింది. ఆడపిల్ల గొంతు.

"సార్, నేను ఓబులమ్మ కూతుర్ని, మహిమ. ఈరన్న మామ మీ నంబరిచ్చినాడు. అమ్మకు రక్తం గావాలంట సార్. ఓ నెగెటివ్ అంట. ఈడ లేదంట. శానా తక్కువమందికి ఉంటాదంట గదా. పేపర్లో ఏయండి సార్."

"పేపరు రేపు గదమ్మా వచ్చేది."

"ఫోన్లో గ్రూపులుంటాయి గద సార్. వాటిల్లోనన్నా."

"ఏస్తా. నువ్వు పెట్టేయ్."

భూపేష్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. 'ఓ నెగెటివ్ బ్లడ్ ఈజ్ నీడెడ్ ఫర్ ఎ వుమన్' అని రాశాడు. 'ఈజ్' కొట్టేశాడు. 'ఎ' కొట్టేశాడు. ఓబులమ్మ పేరు రాసి, అదీ కొట్టేశాడు. ప్రింటు తీసి గోపీనాథ్ ముందు పెట్టాడు. ఆయన ఫోన్ మాట్లాడుతున్నాడు. ముగిసేదాకా భూపేష్ నిలబడ్డాడు. ఆయన ఎర్ర పెన్నుతో 'నీడెడ్'ను వాక్యం మొదటికి జరిపాడు.

"బాగుండాది. ఆసుపత్రి రెండు వీధులే గదా, ఒకసారి పోయి చూసిరాపో."

"రిపోర్టరు వార్తలోకి రాకూడదన్నారు గద సార్."

గోపీనాథ్ నవ్వాడు. "నేర్చుకున్నావప్పా."

11.50కు అది విలేకర్ల గ్రూపులో పడింది. ముగ్గురు దండం బొమ్మ పెట్టారు. ఒకరు ఇంకో గ్రూపుకు పంపానని రాశారు.

12.20కు మహిమ మళ్లీ చేసింది.

"ఎవురన్నా దొరికినారా సార్?"

"చూస్తాండారమ్మా. అమ్మకు ఎట్లుండాది?"

"రక్తం ఎక్కిస్తే బతుకుతాదంట. లేదంటే గంట అంటాండాడు సార్ డాక్టరు. నాది పట్టలేదు. మా మామది పట్టలేదు. ఆటో స్టాండులో అందర్నీ అడిగినా."

"ధైర్యంగా ఉండు."

ఫోన్ పెట్టేసి నోట్‌బుక్‌లో 1.20 అని రాసుకున్నాడు. టిఫిన్ డబ్బా తెరిచాడు. కొర్రన్నం, నంజుకోడానికి చెనిక్కాయల ఊరిమిండి. సగం తిని మూత పెట్టాడు. కిటికీలోంచి ఆసుపత్రి మీది నీళ్ల ట్యాంకు కనపడుతోంది. కాసేపు దాన్నే చూశాడు. లేచి తెర లాగాడు.

1.20కి ఫోన్ రాలేదు. 1.30కి రాలేదు. 1.35కు తనే చేద్దామని ఫోన్ తీశాడు. నంబరు నొక్కలేదు.

1.40కి మోగింది.

"సార్, అమ్మ పోయింది."

పొద్దున ఈ మాట దగ్గరే దెబ్బ తిన్నాడు. ఈసారి నిర్ధారించుకోవాలి.

"పోయిందంటే?"



"పోయిందంటే ఏంది సార్? సచ్చిపోయింది."

"ఎన్ని గంటలకమ్మా?"

"ఒకటీ ముప్పై రెండని రాసినారు." తర్వాత ఆ పిల్ల, "మీరన్నా పట్టించుకున్నారు సార్" అంది.

భూపేష్ పోలీసు స్టేషన్‌కు ఫోన్ చేశాడు. వాళ్లూ ఏడన్నారు. గోపీనాథ్ గదిలోకి పోయి, "ఏడు సార్, నిర్ధారణ అయింది" అన్నాడు.

"అయితే సవరణ అక్కర్లేదు."

రెండు గంటలకు రిపోర్టు హైదరాబాదుకు పోయింది. గోపీనాథ్ సొరుగు తెరిచి కార్డు తీశాడు. తనే భూపేష్ మెడలో వేశాడు.

"అన్నీ సరిగ్గా ఉండాయేమో చూసుకో. తప్పుంటే మళ్లీ వాళ్లకు పంపాల."

భూపేష్ కార్డు తిప్పి చదివాడు. పేరు సరిగానే ఉంది. పుట్టిన తేదీ సరిగానే ఉంది. ఆ కింద, మూడు నెలల కిందట తను ఫారంలో నింపినట్టే, రక్తం గ్రూపు ఓ నెగెటివ్ అని ఉంది.