పదిహేడుతో భాగిస్తే

లెక్కల మేడం ఖాళీ క్లాసులో లైటు వేసింది. బోర్డు మీద సంఖ్య అలాగే ఉంది: 100000001.

"దీన్ని ఏదీ భాగించలేదు. ఇది ప్రధాన సంఖ్య" అని పొద్దున పిల్లలందరి ముందూ తనే చెప్పింది. చిన్నప్పుడు తనకి లెక్కలు నేర్పిన మాస్టారు అప్పుడు చివరి బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. పాఠం వినమని తనే పిలిచింది.

"పదిహేడుతో పోతుందేమో చూడమ్మా" అన్నారాయన.

"మీకు వయసు మీద పడింది మాస్టారూ!" అంది. క్లాసు గొల్లుమంది. ఆయన చేతికర్ర తీసుకుని మెల్లగా వెళ్ళిపోయారు. సాయంత్రానికి పోయారని కబురొచ్చింది. వాళ్ళింటికి వెళ్ళడానికి మొహం చెల్లక, ఇలా కాలేజీకి వచ్చింది.

సుద్దముక్క తీసుకుని పదిహేడుతో భాగించింది. 5882353. శేషం సున్నా. తల కొట్టేసినట్టయింది. ఎవరూ చూడకముందే చెరిపేద్దామని డస్టరు అందుకుంది.

వెనక చివరి బల్ల మీద, వేలి కణుపుతో కొట్టినట్టు, టక్ మంది.

ఆ చప్పుడు ఆమెకి బాగా తెలుసు. జవాబు అందరికీ వినపడేలా చెప్పేదాకా మాస్టారు అలా బల్ల మీద కొడుతూనే ఉండేవారు.

ఆమె వెనక్కి తిరగలేదు. "సున్నా" అని గొణిగింది.

టక్.

"శేషం సున్నా మాస్టారూ! తప్పు నాదే!" అని అరిచింది.

చప్పుడు ఆగిపోయింది. హమ్మయ్య అనుకుంది.

అంతలో ముందు వరసలో ఒక బల్ల టక్ మంది. దాని పక్కది కూడా. ఆ తర్వాత పొద్దున నవ్వులు వినిపించిన ప్రతి బల్లా మోగడం మొదలైంది, తమకింకా వినపడలేదన్నట్టు.