మూతపడిన కోట

కీబోర్డు దవడకు తగిలిన దెబ్బకు దాని మీటలు ఊడి నేలంతా చెదిరాయి. అంబులెన్స్ డ్రైవరు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. వెల్డరు అతని గుండెల మీద మోకాలు మోపి పిడికిలి ఎత్తాడు.

“గొప్ప కంపెనీ అని మళ్ళీ అను బావా.”

డ్రైవరు నోట్లోని రక్తం ఉమ్మేశాడు. “అంటాను. ఏం చేస్తావ్?”

ఆ గేమింగ్ సెంటరు నడిపే ఆమెను అందరూ అక్కా అనే పిలుస్తారు. ఆమె కౌంటరు దాటి వచ్చేసరికే గుద్దు పడింది. డ్రైవరు ముక్కు పక్కకు ఒరిగిపోయింది.

వెల్డరు చెల్లెలి మొగుడే డ్రైవరు. ఆదివారాలు పక్కపక్కన కూర్చుని ఆడటం, ఏ కంపెనీ గొప్పదో తేల్చుకోలేక గొంతులు చించుకోవడం ఇద్దరికీ అలవాటు. వెల్డరుది తుపాకుల ఆట చేసిన కంపెనీ పక్షం. ఆట పాతబడ్డాక సర్వరు నడిపే కిటుకు ఆడేవాళ్ళ చేతిలోనే పెట్టి పోయారనీ, ఇప్పటికీ ఎవరో ఒకరు దాన్ని నడుపుతూనే ఉన్నారనీ అంటాడు. డ్రైవరుది కోటల ఆట చేసిన కంపెనీ పక్షం. ముక్కూమొహం తెలియనివాళ్ళను ఒక గూటికి చేర్చడం నేర్పిందే వాళ్ళనీ, ఇప్పుడొచ్చే ఆటలన్నీ వాళ్ళ ఎంగిలేననీ అంటాడు. కాకపోతే ఆ కంపెనీ తన సర్వరును ఆపేసింది. ఎవరు కట్టుకున్న కోట వాళ్ళకు లేకుండా పోయింది.

ఆ ఆటలో వెల్డరు కట్టుకున్న కోటలో అతని తమ్ముడు రికార్డు చేసిపెట్టిన గొంతు ఉండేది. తలుపు తీయగానే, “అన్నయ్యా, వాకిలి నేను కాస్తా, నువ్వు లోపలికి పో” అనేది. తమ్ముడు బైకు ప్రమాదంలో పోయాక ఆ మాట వినడానికే వెల్డరు ఇక్కడికొచ్చి ఆ తలుపు తీసేవాడు.

“ముందుగా చెప్పే మూశారు కదా,” అన్నాడు డ్రైవరు ఇందాక. “కాపీ చేసుకోవాల్సింది నువ్వు.”

ఆ మాటకే కీబోర్డు లేచింది.

ఇప్పుడు డ్రైవరు కింది నుంచే వెల్డరు చెవి పట్టి మెలిపెట్టాడు. తమ్మె చిరిగింది. ఇద్దరూ దొర్లుకుంటూ పోయి బల్లను గుద్దుకున్నారు. మానిటరు పడి భళ్ళున పగిలింది.

“వాడు నీకొక్కడికే తమ్ముడా? నాకు బావమరిది కాదూ?” అంటూ డ్రైవరు అతని తలను బల్లకాలికేసి బాదాడు.

వెల్డరు చేతికి ఇనప స్టూలు దొరికింది. కళ్ళు మూసుకుని విసురుగా దించాడు. అక్క మధ్యలోకి దూరింది. స్టూలు ఆమె నుదుటి మీద పడింది.

ఇద్దరూ కొయ్యబారిపోయారు.

“చూడలేదక్కా...”

“పర్లేదులే.” కంట్లోకి కారుతున్న రక్తం తుడుచుకుంది. “ముందు దాన్ని కింద పెట్టు.”

డ్రైవరు బయట ఆపిన బండిలోంచి దూదీ, కట్టుగుడ్డా తెచ్చాడు. వంకరపోయిన తన ముక్కు సంగతి మర్చిపోయి ముందు ఆమెకు కట్టు కట్టాడు. తరువాత బావ చెవికి.

“నువ్వెందుకక్కా అడ్డం రావడం?”

“ఇంకెవరు రావాలి?”

వెల్డరు గోడకు చేరగిలబడ్డాడు. “ఇన్నాళ్ళుగా మా వాదన వింటున్నావు, ఏనాడూ ఎటూ మాట్లాడవు. నువ్వే చెప్పక్కా. ఆ సర్వరు ఆపినవాణ్ణి ఏం చెయ్యాలి?”

ఆమె వంగి ఊడిన మీటలు ఏరసాగింది.

“నాకు దొరికితే, ఏ చేత్తో ఆపాడో ఆ చెయ్యి విరిచేస్తాను,” అన్నాడు వెల్డరు.

డ్రైవరు ఈసారి ఎదురు చెప్పలేదు. “నేను పట్టుకుంటా, నువ్వు విరిచెయ్ బావా,” అన్నాడు.

ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని కుంటుకుంటూ వెళ్ళారు. అక్క తలుపు గడియ వేసింది. గాజుపెంకులు ఏరుతూ ఆగి, కుడిచెయ్యి తిప్పి చూసుకుంది.

కోటల కంపెనీలో తను పనిచేసిన రోజుల్లో ఆ సర్వరును ఆపింది ఆ చెయ్యే.