కంబన్న ఓటు

"లేవండప్పా! నేనిప్పుడు పోలీసును కాను," అన్నాడు శేషగిరిరావు.

నందికొట్కూరు దగ్గరి ఆ పల్లెలో ఆయన జీపు ఆగగానే మగవాళ్లంతా తలపాగాలు తీసి, వరసగా గొంతుక్కూర్చున్నారు. వాళ్ల కులమంతా పుట్టుదొంగలని, రోజూ పోలీసులకు హాజరు చెప్పుకోవాలనే చట్టం ఎప్పుడో పోయింది, అలవాటు పోలేదు. ఆనాటి జిల్లా పోలీసు పెద్ద ఇప్పుడు పార్లమెంటుకు నిలబడ్డాడు.

ఆయన నవ్వి, ఓటర్ల జాబితా తీసి పేర్లు పిలిచాడు. పిలిచినవాడల్లా "హాజర్, దొరా" అన్నాడు.

"కంబన్న."

ఎవరూ పలకలేదు. వెనక నుంచి ముసలి మహాదేవమ్మ ముందుకొచ్చింది.

"నా కొడుకు, దొరా. పేరు నేనే రాయించినా."

శేషగిరిరావు నవ్వు ఆగిపోయింది. "వాడు లాకప్పులోనే..." అని నాలిక కరుచుకున్నాడు.

"లాకప్పులోంచి పారిపోయినాడని మీరే రాస్తిరి గదా. పారిపోయినోడు యాడో ఒకసాట బతికుంటాడు. ఓటుకన్నా వస్తాడని సూస్తాండా. రాడంటే చెప్పండి, దొరా. దినాలన్నా చేసుకుంటా."

వరసలో తలలన్నీ లేచాయి. ఆయన చూపు జాబితాలోకి దించుకుని, తర్వాతి పేరు పిలిచాడు.

"గోపన్న."

గోపన్న తలపాగా చుట్టుకుని, లేచి నిలబడ్డాడు. హాజర్ అనలేదు.